పాలేరు దాటి వచ్చినవాళ్ళు

జగ్గయ్యపేట నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు గనుక వేయడం లేదు. కాని ఆవిడ అడిగిన ప్రశ్న ఆవిడ ఒక్కరిదే కాదు. మన మెట్ట తాలూకాల్లోనే గాక, తెలుగు నాట కొడుకో కూతురో పైదేశంలో వున్న ఏ ఇంట్లోనయినా ఇవాళ వినబడుతున్న ప్రశ్నే. అందుచేత ఈ వారం మిగతా ఉత్తరాలను పక్కన పెట్టి పేజీ అంతా దానికే కేటాయిస్తున్నాను.

ఉత్తరం సారాంశం ఇది. ఆవిడ మామగారి కుటుంబం 1948లో మధిర వైపు పల్లె ఒకటి వదిలి, రజాకార్లకు భయపడి, రాత్రికి రాత్రి బండి కట్టుకుని ఇవతలికి వచ్చేసింది. మామగారికి అప్పుడు పదేళ్ళు. ఎవరి పంచలోనో కొన్నాళ్ళు తలదాచుకుని, తరవాత పేటలోనే నిలిచిపోయారు. ఇప్పుడు ఆవిడ కొడుకు అమెరికాలో వున్నాడు. చదువుకు వెళ్ళి, ఉద్యోగం సంపాదించి, ప్రతి కాగితమూ పద్ధతి ప్రకారం తీసుకుని, గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళ తరబడి వరుసలో నిలబడి వున్నాడు. 2025 ఫిబ్రవరిలో అమెరికా సైనిక విమానం ఒకటి 104 మంది మన దేశస్థులను సంకెళ్ళు వేసి తెచ్చి అమృత్‌సర్‌లో దింపిన నాటి నుంచీ ఆ ఇంట్లో వాదన మొదలయిందిట. "దొడ్డిదారిన పోయినవాళ్ళకు అంతే కావాలి" అంటారుట ఆవిడ భర్త. "మరి మనం ఏ దారిన వచ్చామురా?" అంటారుట మామగారు. మధ్యన వడ్డిస్తూ నిలబడ్డ ఈవిడ నన్నడుగుతున్నారు: వలస వచ్చినవాళ్ళ ఇంటి కోడలినై వుండి, అక్రమ వలస తప్పనడానికి నాకు నోరుందా? తప్పు కాదంటే, నా కొడుకు అన్నేళ్ళు వరుసలో నిలబడినందుకు అర్థమేమిటి?

ఈ ప్రశ్నకు చేతికందే జవాబులు రెండున్నాయి. ఒకటి: అందరూ ఎక్కడి నుంచో వచ్చినవాళ్ళే, ఇక హద్దులూ చట్టాలూ ఎందుకు అన్నది. రెండోది: మనవాళ్ళ సంగతి వేరు, వీళ్ళ సంగతి వేరు అన్నది. రెండింటిలోనూ కొంత నిజం లేకపోలేదు గాని, ఏదీ మనల్ని గట్టున పడేయదు. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది. జగ్గయ్యపేటకు పాత పేరు బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు తమ తండ్రిగారి పేర పేట నిలిపారు. పేట అన్న మాటలోనే సంగతంతా వుంది. వర్తకులూ, చేతిపనివాళ్ళూ నాలుగు చోట్ల నుంచీ వచ్చి చేరితేనే గదా పేట అవుతుంది. ఇంకా వెనక్కి వెళితే, ఊరి పక్కన ధనబోడు మీద బౌద్ధ స్తూపం వుంది. 3వ శతాబ్దంలో, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ ఏట, అక్కడి మహాచైత్యం తూర్పు వాకిట సిద్ధార్థుడనే శిల్పి 5 ఆయక స్తంభాలు నిలబెట్టించి శాసనం చెక్కించాడు. ఆ శాసనంలో తండ్రి ఊరొకటి, తన కాపురం మరొక ఊరు అని వివరంగా చెప్పుకున్నాడు. అంటే మన ఎరుకలో పేట ప్రాంతపు పాత పేర్లలో ఒకటి, పుట్టిన ఊరు విడిచి పనికోసం వేరే చోట కాపురం పెట్టినవాడిది.

వినడానికి బాగానే వుంది. కాని దీన్ని బట్టి చట్టమే అక్కరలేదని తేలుతుందా? తేలదు. పేట కట్టించిన ప్రభువుకు వర్తకులు కావలసి వచ్చింది, వాళ్ళు వచ్చారు. స్తూపం దగ్గర శిల్పికి పని వుంది, అతను వచ్చాడు. ఇంటికి వచ్చేవాళ్ళను గురించి ఇంటివాళ్ళకు ఒక మాట చెప్పే హక్కు వుండటం అన్యాయం కాదు. మన వీధిలో ఖాళీ స్థలంలో ఎవరయినా అడగకుండా పాక వేస్తే, మనమంతా ఎక్కడి నుంచో వచ్చినవాళ్ళమే గదా అని వూరుకుంటామా? దేశం విషయమూ అంతే. కనుక మీకు నోరుంది. అది మొదటి మాట.

ఇక రెండో జవాబు, మనవాళ్ళ సంగతి వేరన్నది. ఇక్కడ కొంచెం నిదానించాలి.

1947 నవంబరు 29న నిజాముతో యథాతథ ఒడంబడిక కుదిరింది గాని, కాసిం రజ్వీ రజాకార్లు దాన్ని లెక్కచేయలేదు. తెలంగాణా పల్లెల మీద దాడులు పెరిగాయి. ఖమ్మం, మధిర, హుజూర్‌నగర్ వైపు నుంచి జనం తట్టాబుట్టా సర్దుకుని మద్రాసు రాష్ట్రంలోకి, అంటే మన జిల్లాలోకి వచ్చిపడ్డారు. హద్దు మీద వున్న జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలకు ఆ తాకిడి ముందుగా తగిలింది. 1948 సెప్టెంబరు 13న సైన్యం కదిలింది. దానిలో ఒక పాయ విజయవాడ నుంచి ఈ దారినే సాగింది. అయిదు రోజుల్లో హైదరాబాదు లొంగిపోయింది. తరవాత వెనక్కి వెళ్ళినవాళ్ళు వెళ్ళారు, వుండిపోయినవాళ్ళు వుండిపోయారు.

ఇలా వచ్చినవాళ్ళను అక్రమంగా వచ్చారని ఎవరయినా అన్నారా? అనలేదు. ఎందుచేత? వాళ్ళు ప్రాణభయంతో వచ్చారన్నది ఒక కారణం. మన భాష మాట్లాడారు, మనకు వియ్యాలవారు అన్నది ఇంకో కారణం. మూడో కారణం మనం సాధారణంగా చెప్పుకోము: అడ్డగించే చట్టం అప్పుడక్కడ లేదు. ఆ హద్దులో నిజాం వారి కరోడ్‌గిరీ నాకాలుండేవి, సరుకు మీద సుంకం వసూలు చేసేవి. మనిషికి మాత్రం పాస్‌పోర్టు లేదు, వీసా లేదు. పెళ్ళికీ, తిరునాళ్ళకీ, ఎడ్ల బేరానికీ అటువాళ్ళు ఇటూ, ఇటువాళ్ళు అటూ తిరిగేవాళ్ళు. "మావాళ్ళు సక్రమంగా వచ్చారు" అని మనం గర్వంగా చెప్పుకునేటప్పుడు, అందులో మనవాళ్ళ మంచితనం ఎంతో, ఆనాడు చట్టం లేకపోవడం ఎంతో విడదీసి చూసుకోవాలి.

హద్దు ఎంత స్థిరమయిందో తెలుసుకోవాలంటే మునగాల సంగతి చాలు. మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యమే. అయినా అది కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలోది! మునగాల రైతు తన తాలూకా కచేరీకి రావాలంటే పరాయి రాజ్యం మీదుగా నడిచి రావలసిందే. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టినవారిలో ఆ మునగాల రాజా నాయని వెంకట రంగారావుగారు ఒకరు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరవాత పరగణాను నల్లగొండ జిల్లాలో కలిపారు. ఇప్పుడది సూర్యాపేట జిల్లాలో, మరో రాష్ట్రంలో వుంది. అక్కడి మనిషి ఇల్లు కదలలేదు, గీత మాత్రం అతని మీదుగా రెండు మూడుసార్లు నడిచింది. 2022 నుంచి జగ్గయ్యపేట, నందిగామ కూడా ఎన్.టి.ఆర్. జిల్లాలోకి వెళ్ళాయి. అయినా మన నోట కృష్ణా జిల్లా అన్న మాటే వస్తోంది.

సోదరి ఇంట్లో తాత ఇవతలికి వచ్చినట్టే, మన జిల్లాలో ఎన్నో ఇళ్ళ తాతలు అవతలికి వెళ్ళారు. నిజాంసాగర్ నీళ్ళు పారిన తరవాత కోస్తా రైతులు బోధన్, వర్ని వైపు వెళ్ళి పొలాలు కొన్నారు. తుంగభద్ర నీళ్ళొస్తే గంగావతి, సింధనూరు వైపు వెళ్ళి "క్యాంపులు" వేశారు. చదువుకున్నవాళ్ళు హైదరాబాదులో ఉద్యోగాలకు వెళ్ళారు. అక్కడివారికి అది నచ్చిందా? 1919 నాటి నిజాం ఫర్మానా ప్రకారం సర్కారు కొలువు ముల్కీలకు, అంటే స్థానికులకు. బయటివాడు 15 ఏళ్ళు కాపురముంటేనే ముల్కీ. 1952 సెప్టెంబరులో నాన్‌ముల్కీలు వెళ్ళిపోవాలని హైదరాబాదులో విద్యార్థులు ఊరేగింపులు తీశారు, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. దొంగ ముల్కీ సర్టిఫికెట్లతో ఉద్యోగాలు కొట్టేస్తున్నారన్నది అప్పటి పెద్ద ఫిర్యాదు. 1969లో మళ్ళీ అదే మంట. 1972 అక్టోబరు 3న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు చెపితే, ఇటువైపు జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1973లో గాని ఆ నిబంధనలు రద్దు కాలేదు.

అప్పుడు మనమేమన్నాం? ఒకే భాష, ఒకే దేశం, పొట్ట చేతపట్టుకుని వెళ్ళినవాణ్ణి పొమ్మనడమేమిటి అన్నాం. వాళ్ళేమన్నారు? మా పిల్లల నోటి దగ్గర కూడు బయటివాళ్ళు తీసుకుపోతున్నారు అన్నారు. ఇవాళ అమెరికాలో ఒకడు మన పిల్లలను గురించి అంటున్న మాటా అదే, మనం బెంగాల్ నుంచి వచ్చిన కూలీని గురించి అంటున్న మాటా అదే. మనుషులు మారుతున్నారు గాని మాట మారడం లేదు. ఇంటివాడి బాధ అబద్ధమని నేననను. తెలంగాణావారి బాధలో నిజం లేదని ఇవాళ ఎవరంటారు? వచ్చినవాడి ఆకలీ అబద్ధం కాదు, అంతే.

ఇక 2020 సంగతి పేటవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. మార్చి 24 రాత్రి దేశమంతా లాక్‌డౌన్ ప్రకటించారు. హైదరాబాదులో హాస్టళ్ళు మూసేయడంతో వేల మంది పిల్లలు, ఉద్యోగులు అక్కడి పోలీసుల దగ్గర అనుమతి పత్రాలు తీసుకుని ఇళ్ళకు బయలుదేరారు. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర వాళ్ళను ఆపేశారు. వాళ్ళంతా ఈ రాష్ట్రంలో పుట్టినవాళ్ళే. చేతిలో కాగితం వుంది, కాని అది అవతలి ప్రభుత్వం ఇచ్చిన కాగితం. 14 రోజులు విడిగా వుండటానికి ఒప్పుకుంటేనే రానిస్తామన్నారు. మరుసటి ఏడు, 2021 మే నెలలో, మనవైపు నుంచి రోగులను తీసుకువెళుతున్న అంబులెన్సులను ఈ హద్దులోనూ, కర్నూలు వైపు పుల్లూరు దగ్గరా తెలంగాణా పోలీసులు ఆపారు. మే 14న అక్కడి హైకోర్టు అడ్డుపడితే గాని దారి తెరుచుకోలేదు. రెండుసార్లూ ఆపినవారికి కారణం లేకపోలేదు. రోగం పాకుతుందన్న భయం ఒకసారి, ఆస్పత్రి మంచాలు చాలవన్న భయం ఇంకొకసారి. అయినా ఎండలో పాలేటి వంతెన దగ్గర నిలబడ్డ పిల్లవాడి తల్లికి ఆ కారణం ఏమాత్రం చల్లగా తోచి వుంటుంది?

ఇప్పుడు మీ అబ్బాయి వున్న అమెరికా విషయానికి వస్తాను. ఆ తలుపు మనకు తరతరాలుగా తెరిచి వున్నది కాదు. 1917 చట్టంతో మనవాళ్ళ వలసకు అడ్డుకట్ట వేశారు. 1946లో తెరిచినా, ఏడాదికి 100 మందికే. 1965లో చట్టం మార్చబట్టి మన డాక్టర్లూ ఇంజనీర్లూ వెళ్ళగలిగారు. కనుక ముందు వెళ్ళినవాళ్ళు పద్ధతిగా వెళ్ళారంటే, వెళ్ళడానికి అప్పటికి ఒక పద్ధతి ఏర్పడి వున్నదన్నమాట. ఇవాళ ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వరాదన్న నియమం వుంది. మీ అబ్బాయి అన్నేళ్ళు నిలబడవలసి రావడానికి కారణం ఆ లెక్కే, సరిహద్దు కంచె దూకినవాడు కాదు. వాడి కోపం న్యాయమయిందే గాని, ఆ కోపానికి చిరునామా సరిచూసుకోవాలి.

అక్రమం అన్న మాట వినగానే మనకు రాత్రిపూట ఏరు దాటేవాడు కనబడతాడు. కాని విమానంలో దర్జాగా వీసాతో దిగి, తరవాత అక్రమమయిపోయినవాళ్ళు కోకొల్లలు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ బండారం బయటపడినప్పుడు, మన తెలుగు పిల్లల కాళ్ళకు రేడియో పట్టీలు కట్టారు. అది చూసి ఇక్కడ మనమంతా మండిపడ్డాం. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో 129 మంది భారతీయ విద్యార్థులను పట్టుకున్నారు. ఎక్కువ మంది తెలుగువాళ్ళే. చిత్రమేమిటంటే ఆ యూనివర్సిటీ పెట్టింది అమెరికా ప్రభుత్వ శాఖే! పాఠాలు లేవు, పంతుళ్ళు లేరు. పాఠాలు లేవని తెలిసే చేరారని ప్రభుత్వం అంది. సర్కారే వల పన్నిందని పిల్లల తరఫు వకీళ్ళు అన్నారు. మధ్యన కమీషన్లు తిన్న దళారులు మనవాళ్ళే. వాళ్ళకు శిక్షలు పడ్డాయి. ఆ పిల్లలను గురించి అప్పుడు మన ఇళ్ళలో ఎవరయినా "దొంగలు, సంకెళ్ళు వేయాల్సిందే" అన్నారా? "పాపం, అప్పులు చేసి పంపారు, మోసపోయారు" అన్నాం. మనవాడయితే మోసపోయాడు, ఎవరివాడో అయితే మోసం చేశాడు!

ఇంకొక ఉదాహరణతో ముగింపుకు వస్తాను. రంగూను రేవులోనూ, బియ్యపు మిల్లుల్లోనూ ఒకప్పుడు మన తెలుగువాళ్ళు వేలకు వేలు పనిచేశారు. 1942లో జపాను బాంబులు పడితే కొండలూ అడవులూ పట్టి నడిచి వచ్చారు. 1962లో అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చి, 1964లో దుకాణాలు జాతీయం చేస్తే, మిగిలినవాళ్ళు కూడా కట్టుబట్టలతో ఓడలెక్కారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేరు అలా వచ్చిందే. అదే బర్మా 1982లో పౌరసత్వ చట్టం చేసి రోహింగ్యాలను ఏ దేశమూ లేనివాళ్ళను చేసింది. వాళ్ళలో వేల మంది ఇవాళ హైదరాబాదు బాలాపూర్ పక్కన గుడిసెల్లో వున్నారు. మన చట్టం దృష్టిలో వాళ్ళు అక్రమంగా వున్నవాళ్ళు. వాళ్ళను శాశ్వతంగా వుంచుకోవాలా అన్నది ప్రభుత్వం తేల్చవలసిన పెద్ద విషయం. భద్రత చూసుకోవాలి, ఖర్చు చూసుకోవాలి, అవును. కాని ఇల్లు తగలబడితే పరుగెత్తి వచ్చినవాణ్ణీ, ఎక్కువ జీతం కోసం దళారికి లక్షలు పోసి వెళ్ళినవాణ్ణీ ఒకే గాటకు కట్టడం న్యాయం కాదని, 1948లో హద్దు దాటి వచ్చిన కుటుంబానికి ఒకరు చెప్పవలసిన పని లేదు.

సోదరీ, ఇక మీ ప్రశ్నకు సూటిగా జవాబు. అక్రమ వలస తప్పనండి. దేశానికి హద్దు వుండాలి, ఎవరు రావాలో చెప్పుకునే హక్కు దానికి వుండాలి, వరుసలో నిలబడ్డవాడికి నష్టం కలగకూడదు. ఇందులో మీ మామగారికి అవమానమేమీ లేదు. కాని ఆ మాట అనేముందు మూడు విషయాలు విచారించండి. ఆ మనిషి పారిపోయి వచ్చాడా, బాగుపడదామని వచ్చాడా? అతన్ని దాటించి డబ్బు చేసుకున్నదెవరు, చవకగా పని చేయించుకుంటున్నదెవరు, వాళ్ళకు ఏ శిక్ష పడుతోంది? పంపించేముందు అతని మాట విన్నారా? మూడోది చాలా ముఖ్యం. 2025లో మన దేశంలోనే బెంగాలీ మాట్లాడే కూలీలు కొందరిని పరాయివాళ్ళనుకుని సరిహద్దు దాటించి, తీరా భారతీయులేనని తేలాక వెనక్కి తీసుకురావలసి వచ్చింది. అస్సాంలో 2019 ఆగస్టు 31న ప్రకటించిన జాబితాలో 19 లక్షల మంది పేర్లు లేకపోయాయి. ఏనాటిదో కాగితం ఒకటి చూపమంటే మన ఇళ్ళలో ఎంతమంది చూపగలరో ఒకసారి పెట్టె తీసి వెతుక్కోండి. 1948లో బండి మీద వచ్చినవాళ్ళు పట్టాలూ జనన పత్రాలూ పట్టుకుని వచ్చి వుంటారా?

మీ వారికి కూడా ఒక మాట. చట్టం అమలు జరగాలనడం వేరు, సంకెళ్ళు చూసి సంతోషించడం వేరు. మొదటిది పౌరుడి ధర్మం. రెండోది, పంచలో చోటిచ్చిన ఇల్లాలి ముఖం ఇంకా గుర్తున్న తండ్రి ఎదుట అనవలసిన మాట కాదు.

పిల్లలను పైదేశం పంపబోతున్న తల్లిదండ్రులు ఒక జాగ్రత్త తీసుకోండి. కాలేజీకి గుర్తింపు వుందా, తరగతులు నిజంగా జరుగుతాయా అన్నది దళారి నోట వినక, ఆ దేశపు కాన్సులేటు ద్వారా గాని, అక్కడ చదివినవారి ద్వారా గాని స్వయంగా విచారించుకోండి. ముందు వెళ్ళండి, కాగితాల సంగతి తరవాత చూసుకోవచ్చు అని ఎవరయినా అన్నారా, ఆ గుమ్మం మళ్ళీ తొక్కకండి.

చివరగా ఒక కోరిక. 1947-48లో హద్దు దాటి వచ్చినవాళ్ళు, ఆనాడు చోటిచ్చినవాళ్ళు, ఇప్పుడు ఎనభై దాటి వున్నారు. ఏ ఊరి నుంచి వచ్చారు, ఏం తెచ్చుకున్నారు, ఎవరింట దిగారు, ఎవరు కాదన్నారు అన్న వివరాలు ఇంట్లో పిల్లల చేత రాయించి వుంచండి. వీలయితే ఒక ప్రతి నాకూ పంపండి. చోటు లేదని తలుపు వేసిన ఇళ్ళ సంగతి కూడా దాచకుండా రాయండి. వచ్చే నెలలో వాటిలో కొన్ని ఈ పేజీలో వేస్తాను.